సీసా నిండుగనే ఉంది

మా మామకు ఊపిరందక దవాఖానలో చేర్చి నాలుగు రోజులైంది. ఏ దవాఖానో చెప్పను. పాతబస్తీలోనే ఉందని మాత్రం చెప్పగలను. అక్కడ ఐసీయూలోకి పోవాలంటే ముందు గేటు దగ్గర చెయ్యి తడపాలి. ఆ అంతస్తు మొత్తంలో తడి చెయ్యి అదొక్కటే అని నాకు తర్వాత తెలిసింది.

తలుపు పక్కన గోడకు ఒక స్టాండు, స్టాండులో అరలీటరు శానిటైజర్ సీసా. సీసా మెడకు బ్యాండేజీ పేలిక చుట్టి, కొసను కిటికీ చువ్వకు ముడేశారు, చలివేంద్రంలో గ్లాసుకు గొలుసేసినట్టు. నొక్కాను. ఉస్సుమంది. మళ్లీ నొక్కాను, మరికాస్త గాలి వచ్చింది. పైన పోస్టరులో చేతులు ఎలా రుద్దుకోవాలో బొమ్మలున్నాయి: అరచెయ్యి, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు. 20 నుంచి 30 సెకన్లట. చదువుకున్నవాణ్ణి కదా, ఆ గాలితోనే బొమ్మ తప్పకుండా అన్నీ రుద్దుకున్నాను.

"సిస్టర్, సీసా ఖాళీ అయింది."

"ఖాళీ ఎందుకుంటది సార్? నిండుగనే ఉన్నయి" అంటూ అద్దాల అల్మారా చూపించింది. నిజమే. చుట్టాలొస్తే తప్ప తియ్యని పింగాణీ కప్పుల్లా వరసగా పేర్చి ఉన్నాయి. అల్మారాకు తాళం. తాళంచెవి హెడ్ సిస్టర్ దగ్గర. హెడ్ సిస్టర్ మీటింగులో. ఏం మీటింగని అడిగాను. ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీదట.

ఆ సిస్టర్‌ని నేనేమీ అనను. 12 మంచాలకు ఆ పూట ఇద్దరే ఉన్నారు. ఒక చేతిలో సిరంజి, ఇంకో చేతిలో రిజిస్టరు. పొద్దున బయటపెట్టిన సీసా సాయంత్రానికి మాయమైతే జవాబు చెప్పాల్సింది ఆమే. సీసా ఖాళీ అయితే సంజాయిషీ, నిండుగా ఉంటే మెచ్చుకోలు. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా నిండు సీసాలనే లెక్కపెట్టి టిక్కు కొట్టి పోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క దీనికి తలకిందులు. అది చూసేది ఎంత ఖాళీ అయిందని. వెయ్యి రోగిదినాలకు కనీసం 20 లీటర్లు ఖర్చు కావాలంటుంది. అంటే ఒక రోగికి రోజుకు 20 మిల్లీలీటర్లు. ఇరానీ చాయ్ పోసేటప్పుడు సాసర్లో ఒలికేంత. మా మామ గదిలో 12 మంచాలు కాబట్టి రోజుకు 240, అంటే అరలీటరు సీసా రెండు రోజులు రావడమే గొప్ప. నెలకు పద్నాలుగు సీసాలైనా కావాలి. ఇండెంటు పెట్టేది రెండు.

ఎక్కువ పెడితే ఏమవుతుందని వార్డ్‌బాయ్‌ని అడిగాను. "ఏంది, తాగుతున్నరా?" అంటుందట స్టోర్. ఆ మాట ఊరికే పుట్టలేదు. 2020 జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. కురిచేడులో ఎవరో తాగారని ఇక్కడ డాక్టరు చేతులు ఎండబెట్టుకోవాలి.

అదే ఏడాది మార్చి 13న కేంద్రం శానిటైజర్‌ను నిత్యావసర సరుకుల్లో చేర్చింది. 200 మిల్లీలీటర్లు 100 రూపాయలకు మించి అమ్మొద్దని హుకుం వేసింది. అప్పుడు బిర్యానీ హోటల్ గుమ్మంలో పోశారు, బ్యాంకులో పోశారు, ఏటీఎంలో పెట్టారు. కరోనా పోగానే సీసాలన్నీ సెలవు తీసుకున్నాయి. కరోనాతో పనిలేకుండా క్రిములు ముసురుకునే చోటు ఐసీయూ. అక్కడ మాత్రం వాటిని అల్మారాలో దాచుకున్నారు, జ్ఞాపకార్థం.

సరే, సబ్బూ నీళ్లయినా ఉన్నాయా అని మూలన ఉన్న సింకు దగ్గరికి పోయాను. మోచేత్తో తిప్పే పొడుగు పిడి కుళాయి. చెయ్యి తగలకూడదని పెట్టారు. అది బిగుసుకుపోయి చాలా కాలమైందట. వార్డ్‌బాయ్ జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, పిడి పట్టుకుని, పళ్లు బిగించి తిప్పాడు. ప్లయర్‌ను ఎవరు కడుగుతారని అడగబోయి ఊరుకున్నాను. మోచేతి నీళ్లు తాగడమంటే ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పాలా? సబ్బు పెట్టెలో మాత్రం సబ్బు ఆకారంలో ఒక గుంట ఉంది.

ఇదంతా ఏ ఊళ్లో? మక్కా మసీదుకు పోతే హౌజు దగ్గర చేతులూ మొహమూ కడుక్కోనిదే నమాజుకు నిలబడరు. పాతకాలం దావతుల్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చోగానే ఒకరు చిలంచి పట్టుకుంటే ఇంకొకరు ఆఫ్తాబాతో అతిథి చేతుల మీద నీళ్లు పోసేవాళ్లు. ఇక్కడ బిర్యానీని ముట్టుకోవడానికి ఒక పద్ధతుంది. వెంటిలేటర్ మీదున్న మనిషిని ముట్టుకోవడానికే లేదు.

డబ్బుల్లేక అందామా అంటే, క్లోరోఫామ్ గుండెను ఆపుతుందా ఊపిరిని ఆపుతుందా అన్న తగువు తీర్చడానికి 1889లో నిజాం సర్కారు 1000 పౌన్లిచ్చి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున డాక్టరును పిలిపించింది. నీళ్లు లేక అందామా అంటే, 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ దవాఖానను మింగింది. తర్వాత కట్టిన ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాననీళ్లు తమంతట తామే వార్డుల్లోకి వచ్చి రోగులను పరామర్శించాయి. ఈ ఊరి నీళ్లకు కుళాయిలోంచి రావడం తప్ప అన్ని దారులూ తెలుసు.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లోనే ఈ చేతుల మాట చెప్పాడు. శవాలను కోసిన చేతులతో కాన్పులు చేయొద్దు, క్లోరిన్ సున్నం నీళ్లలో కడగండి అన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు పోతుంటే, జూన్‌కల్లా అది రెండు చిల్లరకు దిగింది. పెద్ద డాక్టర్లకు కోపమొచ్చింది. 1865లో ఆయన్ను పిచ్చాసుపత్రిలో పెట్టారు, అక్కడే పోయాడు. మన దగ్గర అంత అన్యాయం జరగదు. ఆయన సీసా అడిగి ఉంటే ఇండెంటు ఫారం ఇచ్చి పంపేవాళ్లం.

రాత్రి గౌలిపురాలో ఇంటికి పోతే మా అత్తమ్మ గడప అవతలే ఆపేసింది. చెంబు నీళ్లూ సబ్బూ ముందే పెట్టుకుని కూచుంది.

"దవాఖానకెల్లి వచ్చినవ్. కాళ్లు చేతులు కడుక్కోకుంట లోపట అడుగుపెడితివా, చెప్త నీ సంగతి."

కడుక్కున్నాను. దవాఖానలో సంగతి చెప్పాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. "సబ్బు లేకుంట మీ మామను ఎట్ల ముట్టుకుంటున్నరు బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. లోపలికి పోయి, గోద్రెజ్ అల్మారాలో చీరల మధ్య వాసన కోసం పెట్టుకున్న మైసూర్ శాండల్ సబ్బు తీసి కాగితం కూడా విప్పకుండా నా చేతిలో పెట్టింది. "సింకు కాడ పెట్టిరా. డాక్టర్‌కు గుడ చెప్పు, అత్తమ్మ పంపిందని."

పొద్దున్నే తీసుకుపోయి సిస్టర్‌కు ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం విప్పార్చి, థాంక్స్ చెప్పింది. రిజిస్టరు తెరిచి కొత్త గీత గీసింది. "సబ్బు, ఒకటి, దాత" అని రాసి నాతో సంతకం పెట్టించుకుంది. అప్పటికి హెడ్ సిస్టర్ మీటింగు నుంచి వచ్చేసింది. అల్మారా తాళం తీసి, నిండు సీసాల ముందు సబ్బును నిలబెట్టి, మళ్లీ తాళం వేసింది.