కాలువగట్టు మోటారు ఆత్మకథ

మా వంశమునకు మూలపురుషుడు పాదరసపు గిన్నెలో వ్రేలాడిన ఒక తీగముక్క. 1820లో డెన్మార్కు దేశపు ఊర్‌స్టెడ్ పండితుడు, విద్యుత్తు పారుచున్న తీగ దాపున దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటను లోకమునకు వెల్లడింపగా, తీగ అయస్కాంతమును నెట్టగలిగినపుడు అయస్కాంతము తీగనేల నెట్టరాదని, మరుసటి ఏడు లండనులో ఫారడే మహాశయుడు ఆ తీగముక్క కొనను పాదరసములో ముంచి, విద్యుత్తు పారించి, నడుమనున్న అయస్కాంతము చుట్టును ప్రదక్షిణము చేయించెను. అది నీరెత్తలేదు, పిండి విసరలేదు, ఊరక తిరిగినది. అయినను పుస్తకములలో దాని బొమ్మ యున్నది, నా బొమ్మ లేదు.

నేను పుట్టినది కోయంబత్తూరులో. పోతయినుప ఒడలు, రాగితీగ చుట్టలు, నడుమ తిరుగు రోటరు, పైన నీలిరంగు: నా జననమును గూర్చి ఇంతకుమించి చెప్పదగినది లేదు. నుదుటి రేకుపై ఐదు హార్స్‌పవరు, మూడు ఫేజులు, నిమిషమునకు 1440 చుట్లు అని చెక్కి, లారీకెక్కించి, రాయచూరు జిల్లా సింధనూరుకు పంపిరి. 1953లో తుంగభద్ర ఆనకట్టకు నీరు వచ్చి, ఎడమకాలువ ఈ సీమలో పారజొచ్చిన పిమ్మట, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలలో ఎకరమో రెండెకరములో అమ్ముకొని, ఆ వెలకు ఇక్కడి నల్లరేగడిలో అంతకు పలు రెట్లు భూమి కొని, తుమ్మలు నరికి, మడులు కట్టి, క్యాంపులని పేరుపెట్టుకొని స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఒకదానికి నేను చేరితిని. ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, లైనుమనుతో రెండును. వారి పొలము కాలువకంటె ఎత్తు గనుక నన్ను గట్టున నిలిపిరి. అందులకు అనుమతి యుండెనో లేదో నన్నెవ్వరును అడుగలేదు. మాన్వి, రాయచూరు తాలూకాల చివరి ఆయకట్టు రైతులు నీరందలేదని ధర్నాకు కూర్చున్నారని పెద్దాయన పత్రికలో చదివి వినిపించునపుడు మాత్రము నా బేరింగులు కొంచెము కలుక్కుమనెడివి.

మొదటి దినముననే ఉల్టా తిరిగితిని. పంపు గడగడలాడినదేగాని నీరు సరిగ రాలేదు. మేస్త్రీ వచ్చి, మూడు తీగలలో రెంటిని తారుమారు చేసి, "ఇప్పుడు చూడండి పెద్దాయనా" అనుచు స్టార్టరు నొక్కగానే గొట్టము నిండుగ నీరు దుమికినది. ఆ తారుమారులోనే నా బ్రతుకు రహస్యమంతయు ఇమిడియున్నది. నా గోడలలోని చుట్టలలో మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెనుక నొకటి హెచ్చి తగ్గుచుండుటచేత, లోపల నొక అయస్కాంత క్షేత్రము నిమిషమునకు 1500 మార్లు గిరగిర తిరుగును. వరుస మారినచో ఎదురు దిక్కునకు తిరుగును. ఆ క్షేత్రము రోటరులోని అల్యూమినియపు కడ్డీలను దాటిపోవునపుడు, బయటినుండి ఏ తీగయు కలుపకయే వానిలో కరెంటు పుట్టును. కరెంటు పారు కడ్డీపై క్షేత్రము చూపు బలము వింతయైనది: కరెంటు పోవు దిక్కున నెట్టదు, క్షేత్రము చూపు దిక్కున నెట్టదు, రెంటికిని అడ్డముగ నెట్టును. కరెంటు క్షేత్రరేఖల వెంబడియే పోయినచో అసలు నెట్టనే నెట్టదు. లంబముగ పోయినపుడే నిండుగ నెట్టును. అర టెస్లా క్షేత్రములో, దానికి లంబముగనున్న పది సెంటీమీటర్ల కడ్డీ గుండ నూరు ఆంపియర్లు పారినచో దానిపై బలము 5 న్యూటన్లు, అనగా రమారమి అరకిలో తూకము. అట్టి కడ్డీలు నాలో చుట్టును బారులుతీరి యున్నవి. నేను క్షేత్రమును తరుముకొని పరుగెత్తుదును గాని అందుకొనను. అందుకొన్ననాడు కడ్డీలలో కరెంటు పుట్టదు, కరెంటు లేనిదే బలము లేదు. ఆ అరువది చుట్ల వెనుకబాటే నా జీవనాధారము. 1888లో ఈ యుక్తికి టెస్లా పేటెంటు పొందెను. ఇటలీలో ఫెరారిస్ అంతకుముందే చేసి చూచెనందురు. ఆ తగవు వారిది.

పెద్దాయన యున్నన్నాళ్లు నాకు లోటు లేదు. పైన రేకు కప్పించి, పైరు కోసిన వెంటనే బేరింగులకు గ్రీజు పెట్టించి, నా ఒంటిపై చేయి వేసి వేడి చూచెడివాడు. ఆయన పోయిన పిమ్మట కొడుకు చేతికి వచ్చితిని. కరెంటు అర్ధరాత్రి వచ్చెడిది. లేచి వచ్చుట కష్టమని అతడు ఆటో స్టార్టరు పెట్టించెను. క్యాంపులో అందరును పెట్టించిరి. నడచునపుడు ఏడెనిమిది ఆంపియర్లతో తృప్తిపడు నేను, లేచునపుడు దానికి ఆరు రెట్లు మ్రింగుదును; మోటారులన్నియు ఒక్కమారుగ లేచి అట్లే మ్రింగగా వోల్టేజి క్రుంగి, ట్రాన్స్‌ఫార్మరు మూలిగి, దాని ఫ్యూజు ఒకటి ఎగిరిపోయెడిది. ఫ్యూజు వేయించువరకు ఆగుటకు ఓపిక యెవ్వరికి? కండెన్సరు తగిలించి రెండు ఫేజులపైననే నన్ను లాగించిరి. మూడింట పంచుకొనవలసిన భారము రెంటిపై పడి, చుట్టల వార్నిషు మాడి, కమురువాసన గట్టంతయు క్రమ్మెను.

మేస్త్రీ మూత విప్పి, నల్లబడిన తీగను గోటితో గీకి చూపెను. "ఒక ఫేజు పోయినా లాగించారు తమ్మీ. కాయిలు బొగ్గయింది. మోటారుదేం తప్పు లేదు."

"సరేలే మేస్త్రీ, నారు పోసి ఉంది. సాయంత్రానికి చుట్టిచ్చెయ్."

నన్ను నిర్దోషినని పలికినవాడు లోకమున అతడొక్కడే. కాని సాయంత్రమునకు చుట్టినవాడును అతడే. ఒకే దిక్కున కరెంటు పారు తీగలు ఒండొంటిని లాగికొనును, ఎదురెదురుగ పారునవి నెట్టుకొనును. ఆంపియర్ పండితుడు ఈ సంగతి 1820లోనే తేల్చెను. సెకనుకు ఏబది ఆవర్తనముల కరెంటు పారు నా తీగలు ఈ లాగుడులచేత సెకనుకు నూరుమార్లు వణకును. అందులకే చుట్టల చివరలను నూలుత్రాటితో బిగించి కట్టుదురు. ఆ తొందరలో కట్టు వదులైనది. తీగలు వణకి వణకి, ఒకదానిపై నొకటి రాచుకొని, పూత అరిగి, ఒక వానకాలపు రాత్రి నాలోపల మెరుపొకటి మెరిసినది.

అటుపిమ్మట గడ్డివామి ప్రక్కనున్న పాకలో పడవేసిరి. నా ఫ్యాను మూతలో కోడి గ్రుడ్లు పెట్టెను. కొన్నాళ్లకు పలుచని టీవీ కొని, పాత డబ్బా టీవీని నా ప్రక్కకు చేర్చిరి. అది చదువుకొన్న వస్తువు; నాకు పొద్దుపోయినది. దాని మెడకును రాగిచుట్టలున్నవి. శూన్యనాళములో దూసికొనివచ్చు ఎలక్ట్రానులను ఆ చుట్టల అయస్కాంత క్షేత్రము అటునిటు వంచగా తెరపై బొమ్మ యేర్పడెడిదట. కదలక నిలిచిన ఆవేశమును ఆ క్షేత్రము పలుకరింపదట. కదలినదానినే ప్రక్కకు వంచునట. నా గొప్పలు విని విని విసుగెత్తి, అదొకనాడు నన్నడిగెను: "ఆ బలము ఎలక్ట్రాను గమనమునకు ఎల్లవేళల అడ్డముగనే యుండును. దాని వేగమును పెంచదు, తగ్గింపదు. దిక్కు మార్చును, అంతియే. పనియే చేయని బలమును నమ్ముకొని నీవు పని చేసితినని యెట్లు చెప్పుదువు?"

నాకు పౌరుషము వచ్చినది గాని మాట నిజము. నేనెత్తిన ప్రతి బిందెడు నీటి ఖర్చును చెల్లించినది, ఎక్కడనో తిరిగిన జలయంత్రమో, 1985 నుండి ఇదే జిల్లాలోని శక్తినగర్‌లో మండుచున్న బొగ్గో. అయస్కాంతము మా సింధనూరు వడ్లబజారులోని దళారి వంటిది: తన జేబునుండి పైసా తీయడు, అతడు లేనిదే బస్తా కదలదు. పది హార్స్‌పవరు వరకు సేద్యపు కరెంటు రైతుకు ఉచితము గనుక, ఆ ఖర్చెవరిదను ప్రశ్న మా యింట ఎన్నడును పుట్టలేదు.

కడపట నన్ను పాతసామాను దుకాణమునకు తోలిరి. రాగిని ఊడబెరికి ముందు తూచిరి. దానికి మంచి ధర పలికినది. పోతయినుము వేరుగ తూచిరి. రోటరు వంతు వచ్చినపుడు కొడుకు, "అందులో అల్యూమినియం ఉంది భాయ్" అనెను. ఇనుపరేకుల నడుమ పోతపోసిన కడ్డీలను విడదీసిన కూలి గిట్టదని దుకాణదారునకు తెలియును. "ఉంటే నువ్వే తీసుకో తమ్మీ" అని నవ్వి, ఇన్నేండ్లును బలము తగిలి తిరిగిన ఆ కడ్డీలను ఇనుము ధరకే కాటాపై వేసెను. కొడుకు బేరము విడిచి, సొమ్ము లెక్కపెట్టుకొని, కొత్త మోటారుకు కండెన్సరు కొనుటకు ఎదుటి దుకాణమునకు పోయెను.