డీజే బరాత్ పద్యము: టీకా తాత్పర్యములు

అన్న యొక్క పాట యాఖరు పాటనే
బేసు పెంచు మనగ పెండ్లి మూక
చెవులు మూసికొనవె చేవెళ్ల మఱ్ఱులున్
తెల్లవారుదాక దిక్కు లదర.

అవతారిక: అర్ధరాత్రి వేళ చేవెళ్ల బాటపై బరాత్ సాగుచుండగా, డీసీఎం బండి మీది డీజేతో పెండ్లివారు పలికిన పలుకులను కవి ఇందు నిబంధించినాడు.

టీక: అన్న = ఓ డీజే అన్నా (వయసుతో పనిలేదు, మీటలు చేతిలో ఉన్నవాడెవడైనను అన్నయే); ఒక్క పాట = పైకి ఒకటి, లోపల లెక్కలేనన్ని; ఆఖరు పాటనే = దీని తరువాత అడగమని ఒట్టు; బేసు = మంద్రనాదమును; పెంచుము, అనగ = పెంచుమని; పెండ్లి మూక = పెండ్లికొడుకు మిత్రబృందము, తదుపరి మేనమామలు; అనగా; దిక్కులు, అదర = ఎనిమిది దిక్కులును కిటికీ అద్దములతో సహా అదురుచుండగా; తెల్లవారుదాక; చేవెళ్ల మఱ్ఱులున్ = చేవెళ్ల మఱ్ఱిచెట్లు సైతము; చెవులు మూసికొనవె = మూసుకొనకుండునా?

తాత్పర్యము: ఆఖరు పాట అనునది లేదు.

విశేషములు: ‘ఒక్క’ అనుదానిని గణితమున చూడరాదు. మొయినాబాదు మండలమందలి చిలుకూరు బాలాజీకి భక్తులు 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకొని, అది తీరినాక 108 చేయుదురు. డీజేకు మొక్కినవారికిని కోరిక తీరిన పిదపనే అసలు లెక్క మొదలు.

బేసు ఈ పద్యమునకు నాయకుడు. వీని వంశమున ఒక శాఖ పుట్టినది జపానులో. 1980లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 అను తాళయంత్రమును తేగా, నిజమైన డ్రమ్ముల వలె లేదని చాలమంది పెదవి విరిచిరి. సుమారు 12,000 చేసి 1983లో ఆపివేసిరి. ఆ పోలిక లేకపోవుటయే దానికి కలిసివచ్చినది. 1982లో న్యూయార్కున ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ దానితోనే దద్దరిల్లినది. అదే ఏట బొంబాయిలో, సినిమా పాటలకు వాయించు చరణ్‌జీత్ సింగ్ ఆ 808కు టీబీ-303 అను బేసు యంత్రమును జతచేసి, పది రాగములను డిస్కో తాళమున రికార్డు చేసినాడు. అందులో భూపాలి, అనగా మన మోహనము, ఒకటి. పట్టించుకొన్నవారు తక్కువ. 1987లో చికాగోవారు ఆ 303తోనే ‘యాసిడ్ ట్రాక్స్’ చేయగా కొత్త సంగీతము పుట్టినదని లోకము గంతులు వేసినది. సింగ్ గారి రికార్డు 2010లో మరల వెలువడిన పిదప గాని మన బొంబాయి మాట ఎవరికిని గుర్తురాలేదు. ఈ వ్యాఖ్యాత ఓటు ఆ మోహనమునకే. అన్న దయదలచి ‘బుల్లెట్టు బండి’ తరువాత దానిని వేయవలెను, తీన్మార్ కలపకుండ.

‘మఱ్ఱులున్’: అప్పా జంక్షన్ నుండి మన్నెగూడ దాక ఈ బాటపై, రోడ్డు వెడల్పు చేయుదుమన్న నాటికి, దాదాపు 900 మఱ్ఱులు ఉండెను. వీనికై జనులు హరిత ట్రిబ్యునలు దాక పోయిరి. కాని చెవులు మూసికొన్నను ఫలము లేదు. 50 హెర్ట్జుల బేసు తరంగము పొడవు సుమారు 7 మీటర్లు. కీచుధ్వనులను ఆకులు కొంత ఆపునేమో గాని, దీనిని ఊడలు, గోడలు, తలుపులు ఏవియు పూర్తిగ ఆపవు. గుండెలో వినబడు పాటకు చెవులతో పనియేమి?

‘తెల్లవారుదాక’: 2000 నాటి శబ్దకాలుష్య నియమముల చొప్పున రాత్రి 10 నుండి ఉదయము 6 వఱకు ఆరుబయట మైకు నిషిద్ధము. ఇది కాలదోషమని కొందఱు ఆక్షేపించిరి. పది గంటలు ప్రభుత్వ సమయము, తెల్లవారుట కవిసమయము, కనుక దోషము లేదు. ఈ ప్రాంతపు జంట జలాశయముల రక్షణకై తెచ్చిన 111 జీవో మాటందురా, అది నీటి కొఱకు వచ్చినదే గాని చెవుల కొఱకు కాదు.

పాఠాంతరములు: వీనినే రీమిక్సులందురు. ఏ పాఠము ఎవరిదో తెలియుట సులభము. నడుమ నడుమ డీజే తన పేరును తానే గంభీరముగ చెప్పించుకొనును. త్యాగరాజస్వామి చరణమున ఒక్కమారు ముద్ర వేసి ఊరకుండెను. వీరు పల్లవికి ముందే నాలుగు మార్లు వేయుదురు.

ఛందస్సు: ఆటవెలది. బరాతులలో పెక్కు మొయినాబాదు ఫార్మ్‌హౌసుల నుండియే బయలుదేరినను ఆ ఊరి పేరు పద్యమున లేదు. రెండు లఘువుల వెంట రెండు గురువులు వచ్చుటచే ఆ పేరుతో గణము మొదలుపెట్టుట కవికి కుదరలేదు. ఆ ఊరివారు మన్నింతురు గాక.

అలంకారము: అతిశయోక్తి యని నగరవాసులైన పండితులు. స్వభావోక్తి యని ఫార్మ్‌హౌసు ప్రక్క పొలమువారు.