ప్యూర్ నేచర్, వయా కుడి కాలువ

నరసరావుపేటలో ఆదివారం పూట కోడి కూయకముందే లేచే జాతి ఒకటి తయారైంది. మెడలో కెమెరా, వీపున ట్రైపాడ్, సంచిలో ఎన్‌డీ ఫిల్టర్. పిడుగురాళ్ల, గురజాల దాటి మాచర్ల, అక్కణ్నుంచి ఎత్తిపోతల. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా తోటి కెమెరా మిత్రులందరి ఫోన్లలో ఫోటో వాలిపోతుంది. కింద వ్యాఖ్య ఎప్పుడూ ఒకటే: నో ఎడిట్, నో ఫిల్టర్, ప్యూర్ నేచర్.

ఫిల్టర్ సంగతి ముందు చూద్దాం. జలపాతం నీళ్లు మామూలు కంటికి తుంపర్లుగా, చిందరవందరగా పడతాయి. లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ అనే ఆ నల్ల అద్దం బిగించి, షట్టర్‌ని కొన్ని సెకన్లు తెరిచి ఉంచితేనే ఉతికి ఆరేసిన పంచెలా సాఫీగా కనిపిస్తాయి. అంటే, ఫిల్టర్ లేదన్న ఫోటోకి ఉన్న అందమంతా ఫిల్టర్ పెట్టిన భిక్షే.

ఇక ప్యూర్ నేచర్. ఎత్తిపోతలలో చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకి, కాస్త దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. వానలు పడ్డప్పుడు ఆ హోరు వాగులదే, అందులో అనుమానం లేదు. కానీ నడివేసవిలో కూడా ధార ఆగలేదంటే అది నాగార్జునసాగర్ కుడి కాలువ పుణ్యం. పర్యాటకులు వట్టి బండలు చూసి వెనక్కి పోకుండా పైనుంచి వదిలే నీళ్లవి. ఇరిగేషన్ వారి సౌజన్యంతో దూకే జలపాతానికి ‘మనిషి చెయ్యి పడని చోటు’ అని పేరు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. పైగా రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ దరిదాపుల్లోనే ఉన్న ఎత్తిపోతల ఫోటోల్లో మాత్రం ఏప్రిల్ నెలలో కొండలు కేరళ మార్కు పచ్చదనంతో నిగనిగలాడుతుంటాయి! ఆ ఆకుపచ్చ మొలిచింది నేలమీద కాదు, ఫోన్ తెరమీద.

ఎత్తిపోతల దగ్గరే మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. దాని తాలూకు కంచె ఫ్రేములోంచి తప్పుకోగానే మొసలి ‘అడవి మృగం’ అయిపోతుంది. ఈ విద్య మనవాళ్ల సొంతం కాదులెండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009లో గేటు దూకుతున్న తోడేలుకి పెద్ద బహుమతి వచ్చింది. అది మచ్చికైన తోడేలని తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. మరోసారి బ్రెజిల్‌లో చెదలపుట్ట దగ్గర మెరిసిన చీమలదిండి జంతువు, గడ్డి కూరిన బొమ్మేనన్న నిర్ణయానికొచ్చి 2018లో ఆ ఫోటోనూ తీసేశారు. అక్కడ కనీసం అడిగేవాళ్లున్నారు. ఇక్కడ ‘కేక సార్’, ‘మీ కంటికి దండం గురూగారూ’ తప్ప ఇంకో మాట వినపడదు. అడిగితే వచ్చే ఆదివారం తన ఫోటోని ఎవడు పొగుడుతాడని భయం.

నాగార్జునకొండ దగ్గరికొస్తే ఈ నాటకం మరీ ముదురుతుంది. సాయంత్రపు వెలుగు, నీళ్లు, మధ్యలో దీవి, కింద ‘అనాదిగా ఇలాగే’ అని ఒక నిట్టూర్పు. అనాదిగా అక్కడ దీవి లేదు, లోయ ఉండేది. ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట వెనక నీరు నిండాకే కొండ దీవి అయింది. దీవి మీద, ఒడ్డునున్న అనుపులో కనిపించే కట్టడాలు చాలావరకు కిందినుంచి తరలించి మళ్లీ నిలబెట్టినవి.

మునగబోయే ఆ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఆ తవ్వకాల ఫోటోలు చూడండి. నలుపు తెలుపు, ఆకాశంలో రంగుల్లేవు, ఇటుక గోడ పక్కన కొలబద్ద. అందంగా ఉన్నాయని ఎవరూ చొక్కా చించుకోరు. కానీ ఏది ఎక్కడ, ఎంత ఉండేదో ఇవాళ చెప్పగలిగేవి ఆ ఫోటోలే, ఎందుకంటే ఆ నేల నీళ్ల కిందకెళ్లిపోయింది.

మన కెమెరా మిత్రులు మాత్రం పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర కారు అద్దాలు ఎత్తేసుకుంటారు. పల్నాడు నేలను నిజంగా మారుస్తున్నవి ఆ బట్టీలకు రాయినిచ్చే సున్నపురాయి క్వారీలే. వాటి ముందు ట్రైపాడ్ ఒక్కటీ దిగదు. కోటప్పకొండ మీద కాకి వాలదని భక్తుల నమ్మకం. ఈ కెమెరా మిత్రుల ఫోన్ బృందాల్లోనూ కాకి ఫోటో వాలదు. నెమలి, లకుముకి పిట్ట, మళ్లీ నెమలి.

రంగులు దిద్దుకోవడం నేరమేం కాదు. స్టూడియోల్లో పెళ్లి ఫోటోలకి ఎప్పట్నుంచో దిద్దుతూనే ఉన్నారు, వాళ్లెవరూ ‘ప్యూర్ పెళ్లికూతురు’ అని రాయలేదు. కాబట్టి ఈసారి ఎత్తిపోతల ఫోటో పంపేవారు ఒక్క పని చేయండి: తీసిన తేదీ, ఎన్ని సెకన్ల షట్టరో, నీళ్లు వాగువో కాలువవో కింద రాయండి. కాలువ నీళ్లయితే కాలువ నీళ్లనే రాయండి. ‘కేక సార్’లేమీ తగ్గవు.