భుజం మాత్రం కంపెనీది

మా మేనల్లుడు కోయంబత్తూరు తుడియలూరులో పంపుసెట్టు భాగాలు తయారుచేసే ఒక చిన్న షెడ్డులో లేత్ మీద పనిచేస్తాడు. 2021 ఆగస్టులో ఆ షెడ్డు గేటుకు ఒక నోటీసు అంటించారు. తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, బీహారు నుంచి వచ్చిన పిల్లల కోసం హిందీలో ఒకటి. తెలుగులో లేదు. లోపల తిట్టుకునేదీ, అప్పు అడిగేదీ సగం తెలుగులోనే అయినా, మా తెలుగు వందల ఏళ్లుగా వంటింట్లోనే కాపురం చేస్తోంది, గోడ మీదికి ఎక్కలేదు. నోటీసు సారాంశం ఇది: నెలలోగా కరోనా టీకా రెండు డోసుల సర్టిఫికెట్ చూపని వాళ్లకు పని లేదు.

"ముదలాళికి మా మింద ఎంత ప్రేమో చూస్తివా మామా" అన్నాడు వాడు. ముదలాళి అంటే ఇక్కడ యజమాని.

ప్రేమే మరి. పదహారేళ్లు ఆ లేత్ ముందు నిలబడి వాడి నడుము వంగింది. నడుము గురించి నోటీసు రాలేదు. గ్రైండింగ్ రవ్వ కంట్లో పడితే పక్కవాడు తువ్వాలు కొసతో తీస్తాడు. కన్ను గురించీ రాలేదు. ఒంట్లో ఇన్ని అవయవాలుండగా ముదలాళి చూపు సరాసరి ఎడమ భుజం మీద వాలింది.

లెక్క దగ్గర ఒక చిక్కు వచ్చింది. 2021 మే 13న కేంద్రం కోవిషీల్డు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచింది. ఎంత తొందరపడినా 84 రోజులు. ముదలాళి ఇచ్చిన గడువు 30. ఇదెట్లా కుదురుతుందని మావాడు సూపర్‌వైజర్‌ని అడిగితే, "అడ్జస్ట్ పణ్ణిక్కోంగ" (సర్దుకోండి) అన్నాడట. జీతం ఆలస్యమైనప్పుడూ అదే మాట, మరుగుదొడ్డి తలుపు ఊడినప్పుడూ అదే మాట. ఇప్పుడు రోగనిరోధక శక్తిక్కూడా అదే చెప్పారు.

పాలక్కాడు కనుమకు ఆవల ఒక ముదలాళి మాత్రం అడ్జస్ట్ కాలేదు, కోర్టుకెక్కాడు. వరంగల్లులో బట్టల ఫ్యాక్టరీ పెడతామంటూ 2021 జులైలో తెలంగాణకు వచ్చిన కిటెక్స్ గుర్తుంది కదా, ఆ కంపెనీయే. తన పనివాళ్లకు సొంత ఖర్చుతో టీకాలు కొని, 84 రోజులు ఆగలేం, నాలుగు వారాలకే రెండోది వేయనివ్వండని కేరళ హైకోర్టును అడిగింది. సెప్టెంబరులో ఒక జడ్జిగారు సరేనన్నారు. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పును కొట్టేసింది. ఆ తొందరలో ఎంత ఆరోగ్యమో, ఎంత ఉత్పత్తో నేను చెప్పలేను. అయితే ఆ కంపెనీ డబ్బు పెట్టింది. మా తుడియలూరు ముదలాళి కాగితం పెట్టాడు, ప్రింటవుట్‌కు మూడు రూపాయలు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నేను రెండు డోసులూ వేయించుకున్నాను. 2021 మే ఆఖర్లో రోజువారీ కేసుల్లో కోయంబత్తూరు చెన్నైనే దాటిపోయిన రోజులు చూసినవాణ్ణి, టీకాను వెక్కిరించే దమ్ము నాకు లేదు. ఆస్పత్రి నర్సుకో, ముసలివాళ్లకు అన్నం పెట్టే ఆయాకో తప్పకుండా వేసుకోవాలని చెబితే చేతులెత్తి ఒప్పుకుంటాను. నా పేచీ సూదితో కాదు, సూది మర్నాటితో.

మొదటి డోసు వేసుకున్న మర్నాడు మావాడికి ఒళ్లు కాలిపోయింది. పడుకున్నాడు. శనివారం కవరు విప్పితే ఒక రోజు కూలి లేదు. అడిగాడు. "జ్వరానికి లీవు లేదప్పా" అన్నారు. సూది కంపెనీ ఉత్తర్వు, జ్వరం సొంత విషయం. అదే వారం కంప్రెసర్ బేరింగు పోయి రెండు రోజులు ఆగింది. దాని కూలి ఎవరూ కోయలేదు, పైగా మెకానిక్‌కు టీ తెప్పించారు.

అమెరికాలో వందమంది, అంతకు మించి ఉన్న కంపెనీలన్నిటికీ ఇలాంటి నిబంధనే పెట్టబోయారు, 2021 నవంబరులో. టీకా వేసుకోనివాళ్లు వారం వారం పరీక్ష చేయించుకోవాలన్నారు. అందులోనే ఇంకో సంగతి ఉంది: ఒక్కో డోసుకు నాలుగు గంటల దాకా జీతంతో సెలవివ్వాలి, జ్వరమొస్తే కోలుకునేందుకూ జీతంతోనే సెలవివ్వాలి. 2022 జనవరి 13న అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఆపేసింది. మనవాళ్లు అంతకుముందే పెట్టుకున్నది మొదటి సగమే.

జ్వరమంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఈ ఊళ్లో 1888లో స్టేన్స్ దొర మిల్లు పెట్టింది మొదలు నూలు మిల్లులకు ఒక సొంత జ్వరం ఉంది. దాని పేరు సోమవారం జ్వరం. ఆదివారం ఇంట్లో ఉన్న ఊపిరితిత్తులు సోమవారం బ్లోరూంలో దూది ధూళి తగిలాక బిగుసుకుంటాయి. ముదిరితే బిసినోసిస్. చట్టం దాన్ని వృత్తిరోగాల జాబితాలో రాసుకుంది, పరిహారమూ ఉందంది. ధూళి లాగే మిషను పెట్టేదాకా మిల్లులోకి ముదలాళికి ప్రవేశం లేదని ఏ గేటుకైనా నోటీసు అంటించారేమో, చూసినవాళ్లుంటే చెప్పండి.

సర్కారు కూడా ఒక ముదలాళే. ఊరు ఊడ్చేవాళ్లలో మన తెలుగిళ్లవాళ్లు ఎందరో ఉన్నారు. సూది వరుసలో వాళ్లను ఫ్రంట్‌లైన్ అన్నారు, 2021 ఫిబ్రవరిలోనే ముందు నిలబెట్టారు. పర్మినెంటు చేసే వరుసలో చాలామంది ఇంకా వెనకే, కాంట్రాక్టరు చాటున. బలవంతంలో సర్కారుకు ఉన్నంత చమత్కారం మాత్రం ప్రైవేటువాళ్లకు లేదు. తుడియలూరు మీదుగా పోయే మేట్టుపాళయం రోడ్డు పట్టుకుని కొండెక్కితే నీలగిరి జిల్లా. అక్కడి కలెక్టరు 2021 సెప్టెంబరులో టాస్మాక్ అనే సర్కారు మద్యం దుకాణంలో సీసా కావాలంటే టీకా సర్టిఫికెట్ చూపాలన్నారు. అటు మదురైలో డిసెంబరులో టీకా లేనివాళ్లు బహిరంగ ప్రదేశాలకే రాకూడదన్నారు. మధ్యలో అక్టోబరులో ఒక మంచిపని జరిగింది. సూది వేసుకుంటే కూర తినకూడదు, మందు ముట్టకూడదన్న భయంతో జనం ఆదివారం క్యాంపుకు రావడంలేదని ప్రభుత్వం దాన్ని శనివారానికి మార్చింది. ఇది మాత్రం వెక్కిరింత కాదు. మనిషి ఆదివారాన్ని అర్థం చేసుకున్న ఉత్తర్వు నేను చూసింది అదొక్కటే.

మా అమ్మవార్లు ఇంకా నయం. ప్లేగు కాలంలో ఈ ఊళ్లో ప్లేగు మారియమ్మన్ గుళ్లు వెలిశాయి. 2021 మేలో ఇరుగూరులో కరోనా దేవినీ ప్రతిష్ఠించారు. ఏ తల్లీ హాజరుపట్టీ అడగలేదు.

2022 మే 2న సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో తీర్పు చెప్పింది. రాసింది ఒకప్పుడు గుంటూరు కోర్టులో వాదించిన జస్టిస్ నాగేశ్వరరావుగారు. ఎవరినీ బలవంతంగా పొడవకూడదు. జనారోగ్యం కోసం ఆంక్షలు పెట్టొచ్చు కానీ అవి అవసరానికి తగ్గట్టుండాలి. వేసుకోనివాళ్లను అడ్డుకునే ఉత్తర్వులను, కేసులు తక్కువగా ఉన్నంతకాలం, ప్రైవేటు సంస్థలు కూడా మళ్లీ చూసుకోవాలని సూచించింది. తీర్పు ఢిల్లీ నుంచి బయల్దేరింది. మా షెడ్డు గేటు దాకా రాలేదు, దారిలో బస్సు దొరకలేదేమో.

ఆ ఏడు అక్టోబరులో ఆయుధపూజ నాటికీ నోటీసు గేటుకే ఉంది, తమిళం వెలిసిపోయి, ఇంగ్లీషు చిరిగి, హిందీ ఒక్కటే మిగిలి. షెడ్డంతా కడిగారు. లేత్‌కు, డ్రిల్లుకు, కంప్రెసర్‌కు గంధం, కుంకుమ పెట్టారు. పళ్లెం మావాడి చేతిలో ఉంది. అన్నీ అయ్యాక వాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, తన ఎడమ భుజానికి కూడా గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టుకున్నాడట.

"అదేమిటికిరా?" అన్నాడు ముదలాళి. ఆయనా మా తెలుగాయనే.

"మన కంపెనీ సామానే కదా సార్" అని, మరమరాల పొట్లం తీసుకుని వచ్చేశాడు.