బావగారి జేబులో వీలునామా

మా మొగల్తూరు వైపు మనిషి పోతే పెద్దకర్మ నాడు విస్తళ్లు లేచేదాకా ఆగుతారు బావగారు. ఆగి, లాల్చీ జేబులోంచి ఓ కాగితం తీస్తారు. తమ్ముడి వీలునామా. కృష్ణంరాజుగారూ చిరంజీవిగారూ పుట్టిన ఊరు కదా, ఆ పూట ఆయన కళ్లు తుడుచుకునే తీరు చూస్తే ఈ మూడో నటుణ్ణి సినిమావాళ్లు ఎలా వదిలేశారా అనిపిస్తుంది.

తమ్ముడు 'పూర్తి స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా' రాయించాడట. కాగితం మీది తేదీకి ఆయన భీమవరం ఆసుపత్రిలో ముక్కుకి గొట్టంతో ఉన్నాడు, పెళ్లాన్ని చూసి ఎవరని అడుగుతున్నాడు. పెళ్లాన్ని మరిచిపోయినాయనకి రొయ్యల చెరువు సర్వే నంబరు మాత్రం సబ్‌డివిజనుతో సహా గుర్తుంది.

ఇంత అవస్థ ఎందుకంటే, కాగితం లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వస్తుంది. తమ్ముడి సొంత ఆస్తిలో భార్యకీ, ఒక్కో బిడ్డకీ, బతికుంటే తల్లికీ తలో సమాన వాటా. అన్నదమ్ములు రెండో తరగతి వారసులు. మొదటి తరగతిలో ఒక్కరు మిగిలినా బావగారికి సెంటు భూమి రాదు.

రిజిస్ట్రేషను లేదేమండీ అంటే 'వీలునామాకి అక్కర్లేదు' అంటారు. నిజమే. ఆయనకి చట్టంలో వచ్చిన ముక్క అదొక్కటే. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలనీ, వాళ్లలో ఒకరినైనా బోనెక్కించి రుజువు చేయించాలనీ అంటే మాత్రం చెవుడొస్తుంది. లాభపడేవాడే దగ్గరుండి రాయించిన వీలునామాని అనుమానంగా చూడాలనీ, ఆ అనుమానం తీర్చే బాధ్యత అతనిదేననీ 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దగ్గరుండటం ఒక్కటేనా, మన కేసులో పెన్ను కూడా బావగారిదే.

మరదల్ని రోడ్డున పడేశారని ఊరు అనకూడదు కాబట్టి అందులో ఓ దయగల వాక్యం ఉంటుంది: భార్య బతికినన్నాళ్లు ఫలసాయం అనుభవించాలి, దాన విక్రయాది హక్కులు లేవు. ఆమె తదనంతరం బావగారి కొడుకులకి. 'నీకు అమ్ముకునే హక్కెందుకమ్మాయ్, ఎవడో ఒకడు మోసం చేస్తాడు' అంటారాయన. ఆ ఒకడెవడో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

నెల్లూరులో వడ్డెబోయిన తులసమ్మకీ ఇలాంటి దిక్కే దొరికింది. 1931లో భర్త పోయాడు. ఆస్తి ఆయన సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉండిపోయింది. 1944లో, కోర్టు ఫీజు కట్టే స్తోమతు కూడా లేక, పాపర్ దావా వేసి మనోవర్తి అడిగింది. 1949లో రాజీ కుదిరింది: కొంత భూమి అనుభవించు, అమ్మడానికి లేదు. 1961లో ఆమె అందులో కొంత అమ్మింది. శేషారెడ్డి కోర్టుకెక్కాడు. రాజీపత్రంలో ఏం రాసుకున్నా, మనోవర్తి హక్కుకి బదులుగా వచ్చిన ఆస్తి ఆ వారసత్వ చట్టం 14(1) సెక్షన్ కింద ఆమెకి పూర్తి సొంతమేనని 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తేల్చింది. భర్త పోయిన 46 ఏళ్లకి ఆమె పొలం ఆమెదైంది.

మన బావగారు దీనికీ బెదరలేదు. అదే సెక్షన్‌కి రెండో భాగముంది. అంతకుముందు లేని హక్కుని వీలునామాయే కొత్తగా, అదీ షరతులతో ఇస్తే, ఆ షరతులు నిలుస్తాయి. ఏది పాత హక్కో, ఏది కొత్తదో అన్న దగ్గర తీర్పులు తలోదారి పట్టాయి. ఈ చిక్కు విప్పమని 2024 డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి విస్తృత ధర్మాసనానికి నివేదించింది. 'చూశావా అమ్మాయ్, ఢిల్లీలో పెద్దపెద్దవాళ్లకే తేలలేదు, నీకేం తెలుస్తుంది' అంటున్నారు బావగారు.

నరసాపురం కోర్టులో దావా నడుస్తోంది. ప్రతి వాయిదాకీ మరదల్ని తన కారులోనే తీసుకెళ్తున్నారాయన. బస్సులో వెళ్తే దారిలో ఎవడైనా మోసగాడు తగులుతాడని.