రెండు నర్మెట్టలు, ఒక్క గడి

జనగామ జిల్లాలో నర్మెట్ట యను మండలకేంద్రము కలదు. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలమునను ఒక నర్మెట్ట కలదు. 2017లో పురావస్తు శాఖవారు బృహచ్ఛిలాయుగపు సమాధులను త్రవ్వి పెనుమూతబండను వెలికి తెచ్చినది ఈ రెండవ నర్మెట్టలో. ఈ భేదము ఉభయగ్రామస్థులకును నిస్సంశయము, సంశయమెల్ల కంప్యూటరునకే. మ్యూజియములును గ్రంథాలయములును లిఖితప్రతుల భాండాగారములును తమతమ నిధులనెల్ల ఒక్కచోట డిజిటలీకరించు మహోద్యమమున, మండలపు గడిని ఖాళీగా విడిచి 'ఊరు: నర్మెట్ట' అని టైపుచేసిన పుణ్యాత్ముడొక్కడున్నచో, వేలయేండ్లు కదలని ఆ బండ ఒక్క మీటనొక్కుతో జనగామకు వచ్చిపడును. క్రేను బాడుగ మిగిలినది.

రామప్పగుడి మాట మఱింత విచిత్రము. 1213 నుండి పాలంపేటలో అది కదలక నిలిచియుండగా, దానిచుట్టు జిల్లాలే ప్రదక్షిణము చేసినవి: 2016 అక్టోబరు వఱకు వరంగల్లు, అటుపై జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుండి ములుగు. ఏ సంస్థ ఏనాడు జాబితా వ్రాసెనో ఆనాటి జిల్లాయే అందు నిలుచును గావున, 2021లో యునెస్కోవారు ఒక్క గుడిగా గుర్తించినదానిని మనము మూడు గుళ్లుగా భద్రపఱచుకొనవచ్చును.

ఇక కాలపు గడి. రామప్ప శాసనము శకవర్షము 1135 అనును. నైజాము నాటి శిస్తు రసీదు ఫసలీ 1345 అనును. ఏ శకమో చెప్పుటకు చోటులేని గడిలో రెండును క్రీస్తుశకములే యగును. అంతట గుడి డెబ్బదియెనిమిదేండ్లు ముందే పుట్టును, 1935 నాటి రసీదు కాకతీయులు కూలిన ఇరువదిరెండేండ్లకే చెల్లును. ఫసలీకి 590 కూడవలెనని ఎఱిగిన ముసలి గుమాస్తా పింఛను పుచ్చుకొని ఇంటికేగినాడు. ఆయన కుర్చీలో సాఫ్ట్‌వేరు కూర్చున్నది.

లోకమున ఉపాయము లేకపోలేదు. 1995లో కొందఱు పెద్దలు డబ్లిన్‌లో కూడి శ్రీకారము చుట్టగా, తుదకు పదునైదు గడుల 'డబ్లిన్ కోర్' మెటాడేటా నమూనా ఏర్పడినది. డబ్లిన్ అనగా ఐర్లాండు రాజధాని యనుకొందురేమో, కాదు, అది అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డబ్లిన్. మన జనాభా లెక్కలవారును ఊరూరికి ఒక సంఖ్య నిచ్చియే యున్నారు. దాని నెక్కించిన చాలును. కాని ఎవరి నమూనాను ఎవరు మార్చుకొనవలెనన్న ప్రశ్న వచ్చునప్పటికి ప్రతిసంస్థయు ప్రక్కసంస్థ మొగము చూచును. స్కానరునకైన రిబ్బను కత్తిరింతురు, మంత్రిగారితో ఫోటో దిగుదురు. గడి నింపినవానికి శాలువ కప్పినవా రెవ్వరు? కావున ఉపసంఘమును వేయుదురు. అది నివేదిక సమర్పించుదాక, బమ్మెర కవిని వెదకు విద్యార్థి పోతన, పోతరాజు, పోతనామాత్యుడు అను మువ్వురను విడివిడిగా వెదకికొనవలయును.