హాథీ బౌలీ నా పేరు

వనస్థలిపురంలో బస్సెక్కి విజయవాడ రోడ్డు పట్టుకుంటే నా దగ్గరికి ఎంతో సేపు పట్టదు. హయత్‌నగర్‌లో పాత మసీదు మినార్లు కనబడగానే దిగాలి. ఆ మసీదుకు ఈశాన్యాన ఉంటాను. నన్ను హాథీ బౌలీ అంటారు. ఏనుగుల బావి.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో మోటబావులకు ఎద్దులను కట్టేవారు. తోలుమోటకు అడుగున తొండం ఉంటుంది, నీళ్లు అందులోంచి కాలువలో పడతాయి. నా గట్టు మీద నిజమైన తొండాలే నడిచాయి. ఎద్దుల బలం చాలని లోతు నాది. ఏనుగులు మోకులు లాగితే పైకొచ్చిన నీళ్లు మసీదులో నమాజుకు ముందు వజూ చేసుకునేవాళ్లకూ, చుట్టూ ఉన్న సరాయి గదుల్లో దిగిన బాటసారులకూ అందేవి. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే దారి ఇదే. వజ్రాల వర్తకులు, కలంకారీ బట్టల మూటలతో బండ్లు, పరంగులు, పారసీకులు, ఎవరొచ్చినా ముందు నీళ్లే అడిగారు.

నన్ను తలపెట్టిన తల్లి పేరు హయాత్ బక్షీ బేగం. హయాత్ అంటే ప్రాణం. ప్రాణం పోసేది అని ఆమె పేరుకు అర్థం. హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీకి ఆమె కూతురు, ఆ తర్వాతి సుల్తాను మహమ్మద్ కుతుబ్ షాకు భార్య, ఆ తర్వాతి సుల్తాను అబ్దుల్లాకు తల్లి. జనం ఆమెను మా సాహెబా అన్నారు. మాసాబ్ ట్యాంక్ పేరులో ఉన్నది కూడా ఆమే. ఒక చెరువు, ఒక బావి, ఒక ఊరు. ఆమె గుర్తులు ఎక్కువగా నీళ్ల పక్కనే మిగిలాయి.

1626లో భర్త పోయాడు. అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. కొడుకును తఖ్తు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి రాజ్యం నడిపింది ఆమె.

అబ్దుల్లా చిన్ననాటి కథ ఒకటి నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. అతనెక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పరుగెత్తిందట. తల్లి అన్నం మూటలు, నీళ్లు చెట్ల కొమ్మలకు కట్టించిందట, ఏనుగు ఏ చెట్టు కింద నుంచి పోయినా పిల్లవాడి చేతికి అందాలని. బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు కాలి గొలుసంత బరువైన బంగారు గొలుసు హుస్సేనీ ఆలంలో పీరుకు సమర్పిస్తానని మొక్కుకుందట. బిడ్డ వచ్చాడు, మొక్కు తీరింది. మొహర్రంలో లంగర్ ఊరేగింపు అలా మొదలైందంటారు. ఆ కథలో బంగారాన్ని అందరూ తలుచుకుంటారు. నాకైతే కొమ్మకు కట్టిన నీళ్లే గుర్తొస్తాయి.

ఆ పిల్లవాడు నలభై ఆరేళ్లు ఏలాడు. అతని కాలంలో ఈ దారి ఎంత రద్దీగా ఉండేదో! ఇంగ్లీషు వర్తకులకు అతనిచ్చిన ఫర్మానాను వాళ్లు బంగారు ఫర్మానా అని పిలుచుకున్నారు. 1639లో అతనే స్వయంగా బందరు వెళ్లి సముద్రాన్నీ, ఓడల్నీ చూసొచ్చాడు. దక్కనీలో కవిత్వం చెప్పాడు. గవ్వాసీ అతని ఆస్థాన కవి. బుర్హానె ఖాతె అనే పెద్ద పారసీ నిఘంటువు 1651లో అతని పేరనే అంకితమైంది.

కానీ ఉత్తరాన మొగలులు కాచుకుని ఉన్నారు. 1636లో షాజహానుకు లొంగుబాటు పత్రం రాసిచ్చి, శుక్రవారం నమాజు ఖుత్బాలో ఇరాన్ షా పేరు తీసేసి ఢిల్లీ పాదుషా పేరు చదివించాల్సి వచ్చింది. ఏడాదికి రెండు లక్షల హొన్నుల కప్పం. అబ్దుల్లాను పుస్తకాలు బలహీనుడంటాయి. అవును, వినోదాల మీద అతనికి మనసెక్కువ. అయితే ఆ సంతకం తర్వాత ఇరవై ఏళ్లు ఈ దారిన మొగలు సైన్యం రాలేదు. ఆ ఇరవై ఏళ్లూ నా గట్టు మీద ఏనుగులు నీళ్లు లాగుతూనే ఉన్నాయి. దాన్ని పిరికితనమని అనడానికి నాకు నోరు రాదు.

అసలు గండం 1656లో వచ్చింది. అతని వజీరు మీర్ జుమ్లా, కర్ణాటకం గెలిచి అంతులేని వజ్రాలు కూడబెట్టినవాడు, మొగలుల పక్షాన చేరాడు. ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాను దండెత్తి హైదరాబాదులో చొరబడ్డాడు, నగరం దోపిడీ అయింది. అబ్దుల్లా గోల్కొండ కోట తలుపులు మూసుకున్నాడు. వెనకే ఔరంగజేబు వచ్చి ముట్టడించాడు. అప్పుడు కోట దిగి శత్రువు గుడారానికి నడిచింది ఎవరనుకున్నారు? ముసలితనం మీదపడిన ఆ తల్లే. కొడుకు కోసం మాట్లాడింది, కొడుకు కోసం ఒప్పుకుంది. మనుమరాలిని మహమ్మద్ సుల్తానుకు ఇచ్చారు, రామగిరి వదులుకున్నారు, కోటి దాకా పరిహారం ఒప్పుకున్నారు. ఢిల్లీ నుంచీ హుకుం రావడంతో ముట్టడి లేచింది. రాజ్యం మరో ముప్ఫై ఏళ్లు బతికింది.

అడవిలో తప్పిపోయిన పిల్లవాడిని వెతికిన తల్లే ఆనాడూ బయల్దేరిందని నాకనిపిస్తుంది. ఈసారి మదమెక్కిన ఏనుగు ఢిల్లీది.

ఆమె 1667లో కన్నుమూసింది. అయిదేళ్లకు అబ్దుల్లా వెళ్లాడు. కొడుకులు లేరు. అల్లుడు తానీషా తఖ్తెక్కాడు, 1687లో అదీ ముగిసింది. కుతుబ్ షాహీల సమాధుల తోటలో మా సాహెబా లోపలుంది. అబ్దుల్లా సమాధి మాత్రం ప్రహరీ అవతల ఒంటరిగా ఉంటుంది. తల్లి చెయ్యి అందనంత దూరమేమీ కాదు, అయినా ఆ గోడ మధ్యలో ఉందన్న ఊహ నన్ను కలచివేస్తుంది.

ఏనుగులు పోయాక నా పని తగ్గింది. ఊళ్లో బోర్లు పడ్డాయి, కృష్ణ నీళ్లు పైపుల్లో వచ్చాయి. నిజాముల వేట అడవి 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది, కృష్ణజింకలకు కాపుదల దొరికింది. దాని పక్కన లేచిన కాలనీలు వనస్థలిపురమయ్యాయి. నాలో చెత్త వేసినవాళ్లున్నారు. గోడల సందుల్లో రావి మొక్కలు మొలిచాయి. వాటి మీద కోపం లేదు, వాటికీ తడే కావాలి.

మొన్నొక తాత మనుమరాలిని వెంటబెట్టుకొచ్చాడు. పిల్ల గట్టు పట్టుకుని వంగి చూసింది.

“ఏనుగులు ఇందులకు దిగుతుండెనా తాతా?”

“దిగకపోతుండె బిడ్డా, పైనుంచి గుంజుతుండె.”

“ఎవరి కోసం?”

“దారిన పోయేటోళ్ల కోసం.”

పిల్ల తన సీసాలో మిగిలిన నీళ్లు నాలో ఒంపింది. అంత లోతుకు ఆ నాలుగు చుక్కలు చేరాయి. రోడ్డు మీద బస్సాగింది, కండక్టరు హయత్‌నగర్, హయత్‌నగర్ అని పిలుస్తున్నాడు.